పావలా బిళ్ళ చెల్లని చోట

సభాధ్యక్షులకు, కాలనీ పెద్దలకు, ఇంత ఉక్కపోతలోనూ ఓపికగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. ఇంటి కంప్యూటర్ల భద్రత గురించి పావుగంట మాట్లాడమన్నారు. మా ఇంట్లో పాత కంప్యూటరుకూ కొత్త ల్యాప్‌టాప్‌కూ నెల రోజులు పొత్తు కుదరని సంగతి చెబితే భద్రత గురించి చెప్పినట్టే అవుతుంది, ఎందుకంటే ఆ విషయంలో నాకు తెలిసిందంతా ఆ నెలలో నేర్చుకున్నదే.

మన విశాఖ డాబాగార్డెన్స్‌లో నేను డీటీపీ సెంటరు నడిపిన సంగతి మీలో కొందరికి తెలుసు. దాన్ని మూసేశాక విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటరును ఇంటికి తెచ్చుకున్నాను. అందులోని శుభలేఖలూ కరపత్రాలూ పోతే పోనీయండి. ఫిషింగ్ హార్బరులో పద్దులు రాసిన మా నాన్నగారు పక్కన కూర్చుని చెబుతుండగా పేజీలు పేర్చే పేజ్‌మేకరులో, పాతకాలపు అను ఫాంట్లలో నేను కొట్టిన జాలరి మాటల పట్టిక మాత్రం పోకూడదు. కోనాం, కానాగంత, నెత్తళ్ళు వంటి చేపల పేర్లతోపాటు గాలులకూ వలలకూ తెప్ప భాగాలకూ ఆయన రేవులో విన్న పేర్లన్నీ అందులో ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా కిటికీ తలుపులు ఊడబెరికినప్పుడు ప్రింటు కాగితాలు తడిసి ముద్దయ్యాయి. నాన్నగారు ఇప్పుడు లేరు. ఉన్నది ఆ ఫైలొక్కటే.

మా అమ్మాయి విండోస్ 11 ల్యాప్‌టాప్ కొనిచ్చింది. పెన్‌డ్రైవులో తెచ్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మన ఊరి సముద్రపు గాలికి ఆ పాతదాని యూఎస్‌బీ పోర్టులు తుప్పు పట్టి ఏళ్ళయింది. అందుకే నెట్‌వర్కులో ఫోల్డరు షేర్ చేసి తెచ్చుకుందామనుకున్నాను, కుదరక ఒక టెక్నీషియన్‌ను పిలిచాను.

ఆ అబ్బాయి చేసిన పని చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ల్యాప్‌టాప్‌లో బయటి చొరబాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపేశాడు, సీ డ్రైవు మొత్తం ఎవరైనా రాసేలా షేర్ చేశాడు, కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకునే ఎస్ఎంబీ 1 అనే పాత సదుపాయాన్ని ఆన్ చేశాడు, అయినా ఫైలు రాకపోయేసరికి “పాతసామాన్ల వాడికి ఇచ్చేయండి అంకుల్” అని చెప్పి ఎనిమిది వందలు తీసుకుని వెళ్ళిపోయాడు. తీసిన తలుపుల్లో ఒక్కటైనా మూయలేదు. అయ్యా, అమ్మా, మీ ఇంటికి కూడా ఇలాంటి మరమ్మతు జరిగి ఉంటే ఈ రాత్రే ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. మిగతా ప్రసంగం మరిచిపోయినా ఫర్వాలేదు.

అసలు లోపం అతను చూడనే లేదు. రెండింటిలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌వర్కులో యంత్రం చిరునామా చూపించే ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం కొడితే పాతది 192.168.1.5 అనీ, కొత్తది వేరే వరుస అంకెలనీ చూపించాయి. పాతది తీగతో రౌటరుకు కట్టి ఉంది; ల్యాప్‌టాపేమో చుట్టాల కోసం పెట్టిన గెస్ట్ వైఫైలో ఉంది, గెస్ట్ వైఫై పనే ఇంట్లోని యంత్రాల జోలికి ఎవరినీ పోనీయకపోవడం. అతను మా ఇంటి తలుపులన్నీ బార్లా తీసింది పక్క వీధిలో ఉన్నవాడి కోసమన్నమాట.

అతను చేసినవన్నీ మొదట రద్దు చేసి, ల్యాప్‌టాప్‌ను అసలు వైఫైకి మార్చి, ఆ నెట్‌వర్కును ప్రైవేట్‌గా గుర్తించాను. అయినా నెట్‌వర్క్ కిటికీలో పాతది కనిపించలేదు. ఆ పాత జాబితా నడిచేది ఎస్ఎంబీ 1 ఆధారంగా కాబట్టి, కనిపించనంత మాత్రాన తెగిపోయిందని కాదు. అడ్రసు పట్టీలో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి పాతదాని చిరునామా అంకెలు కొట్టాలి. కొట్టాను. ఈసారి విండోస్ స్పష్టంగా చెప్పింది: ఈ షేరుకు కాలం చెల్లిన ఎస్ఎంబీ 1 కావాలి, అది భద్రం కాదు.

మీకు పావలా బిళ్ళ గుర్తుందా? 2011 జూన్ 30 నుంచి అది చెల్లదన్నారు. బిళ్ళ దొంగది కాదు, అరగలేదు, కానీ కొట్టువాడు తీసుకోడు. ఎక్స్‌పీకి ఫైళ్ళ మార్పిడిలో తెలిసింది ఎస్ఎంబీ 1 ఒక్కటే. రెండో తరం విస్టాతో వచ్చింది. 2017 మేలో వానాక్రై అనే పురుగు ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, అది ఒక యంత్రం నుంచి మరొక దానికి పాకింది ఈ ఎస్ఎంబీ 1లోని లోపం గుండానే. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి దాన్ని డిఫాల్టుగా పెట్టడం క్రమంగా మానుకుంటూ వచ్చారు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసింది. మా పాత పెట్టె చెడిపోలేదు, కొత్తది మొండికెత్తలేదు. వాళ్ళ మధ్య నాణెం మారింది.

విండోస్ ఫీచర్లలో ఎస్ఎంబీ 1 క్లయింటును మాత్రం పెట్టుకుని, పని కాగానే తీసేసేవారూ ఉన్నారు. కానీ విండోస్ 11లోని 24హెచ్2 ప్రో కూర్పు డిజిటల్ సంతకం లేని మార్పిడినీ, పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశాన్నీ కూడా ఒప్పుకోదు గనుక, ఒక ఫైలు కోసం మూడు గొళ్ళాలు తీయాలి. నాకు మనసొప్పలేదు. ముందుగా పాతదానిలోనే పట్టికను ఫాంట్లతో సహా పీడీఎఫ్‌గా మార్చి, కరెంటు తీసి, హార్డ్‌డిస్కు విప్పి, ఐడీఈ అనే పాతకాలపు డిస్కు తీగను యూఎస్‌బీకి మార్చే అడాప్టరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించాను. అనుమతి లేదని ఒకసారి అంది, కొనసాగించు అన్నాను, తెరుచుకుంది.

పీడీఎఫ్ చక్కగా చదవవచ్చు. అసలు ఫైలులోని అక్షరాలు మాత్రం అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కావు కాబట్టి బయట అవి ఇంగ్లీషు అక్షరాల కలగూరగంపగా కనిపిస్తాయి. మార్చే సాధనంలో వేస్తే నా పట్టికలో ఒత్తులు చాలాచోట్ల తారుమారయ్యాయి. ఇప్పుడు ఒక్కొక్క మాటా పీడీఎఫ్‌తో పోల్చి దిద్దుతున్నాను. చేపల దగ్గర ఇబ్బంది లేదు. గాలుల పేర్ల దగ్గర, నాన్నగారి ఉచ్చారణను నేనే తప్పు కొట్టానేమో అనిపించే మాటలు పదకొండు మిగిలాయి. జాలారిపేట, పెదజాలారిపేట వైపు బంధువులున్నవారు ఈ సభలో ఉంటే, కాఫీ అయ్యాక వెళ్ళిపోకుండా ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. ప్రింటు తెచ్చాను, పెన్సిలు కూడా తెచ్చాను.