పవర్‌పాయింట్ యాక్సెసిబిలిటీ చెకర్ రివ్యూ: తెలుగు స్లైడ్‌లకు పనికొస్తుందా?

నమస్తే అండి. ఈరోజు రివ్యూ చేస్తున్నది డబ్బు పెట్టి విడిగా కొనాల్సింది కాదు. మీ పవర్‌పాయింట్‌లోనే ఉంది, రివ్యూ ట్యాబ్‌లో. చెక్ యాక్సెసిబిలిటీ అని కనిపిస్తోంది కదా, అదే. చూపు లేక, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌తో వినేవాళ్లకు మన స్లైడ్‌లో ఎక్కడ ఇబ్బందో ఇది వెతికి చెబుతుంది.

నొక్కుతున్నాను. పక్కన లిస్టు వచ్చేసింది. బొమ్మకు వివరణ, అంటే ఆల్ట్ టెక్స్ట్ లేదంటోంది. ఈ స్లైడ్‌కు టైటిల్ లేదంటోంది. పసుపు మీద తెల్లక్షరాలు పెట్టాను, దాన్నీ పట్టుకుంది. బాగుంది. అయితే ఆల్ట్ టెక్స్ట్‌లో ఏం రాశామో దానికి పట్టదు. వర్షపాతం గ్రాఫ్‌కి ఉత్తినే "గ్రాఫ్" అని రాసినా ఊరుకుంది చూడండి. ఏ నెలలో వాన ఎక్కువ పడిందో రాయకపోతే వినేవాళ్లకు ఏం తెలుస్తుంది?

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు ఎంతగా వాడతారో మీకు తెలుసు. అలాంటి స్లైడ్ ఒకటి పెడుతున్నాను. అక్షరాల గురించి చెకర్ కిక్కురుమనలేదు! కంటికి అది చక్కటి తెలుగే. ఫైలు లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేసిందంతే. స్క్రీన్ రీడర్ లోపలున్నదే చదువుతుంది కాబట్టి ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లోకి మార్చడమే దారి. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి.

ఇంకొకటి, చదివే వరుస. చివర్లో గుర్తొచ్చి పైన పెట్టిన టెక్స్ట్ బాక్స్, వినేటప్పుడు కూడా చివర్లోనే వస్తుంది. రీడింగ్ ఆర్డర్ పేన్‌లో దాన్ని పైకి జరపాలి. పీడీఎఫ్ కావాలంటే ప్రింట్‌లోకి వెళ్లకుండా సేవ్ యాజ్‌తో చేయండి. ప్రింట్‌తో చేస్తే ఇంతసేపు రాసిన ఆల్ట్ టెక్స్ట్ అంతా గాలికి పోతుంది.

నా మార్కులా? ఇంగ్లిష్ స్లైడ్‌లకు పదికి ఏడు, తెలుగుకు నాలుగే. పాసయ్యిందని ఫైలు పంపేయకండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ మొదలుపెట్టారు, ఆయనకూ చూపు లేదు. విండోస్‌లో వేసుకుని, టూల్స్‌లో స్పీచ్ వ్యూయర్ ఆన్ చేయండి. అది పలికేదంతా తెర మీద అక్షరాల్లో కనిపిస్తుంది. అను ఫాంటు స్లైడ్‌ని దానికి ఇచ్చి చూడండి, వచ్చింది కామెంట్లలో పెట్టండి. చదవగలిగితే మీకు దండం పెడతాను!