మల్లి గురించి ఎవరూ మాట్లాడరు
(రవీంద్ర భారతి, పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో ‘శివ’ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, శనివారం సాయంత్రం ఇంత ట్రాఫిక్‌లో పడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. కానీ నాకు ఇచ్చింది అరగంట, ఆ తర్వాత సినిమా వెయ్యాలి. పెద్దలు మన్నించాలి.

‘శివ’ తెలుగు సినిమాను ఎలా మార్చిందో చెప్పమన్నారు నన్ను. చెబుతాను, కానీ తొందరగా ముగిస్తాను. నేను ఇక్కడికి వచ్చింది వేరే మాట చెప్పడానికి. ఈ సినిమా గురించి జనం ముప్పై ఏళ్లకు పైగా రెండుగా చీలి కొట్లాడుకుంటున్నారు. కాలేజీ కొట్లాటలో హీరో సైకిల్ చైను ఊడలాగి ఆయుధంగా పట్టుకునే సన్నివేశం ఉంది కదా, ఆ రెండు పక్షాలూ ఆ ఒక్క చైనునే పట్టుకుని లాగుతున్నాయి. సినిమాలో మిగతాది ఇద్దరికీ కనిపించడం లేదు. నా బాధ అదీ.

ముందు అడిగింది చెప్పేస్తాను. 1989 అక్టోబర్ 5న విడుదలైంది. అన్నపూర్ణ స్టూడియోస్ సినిమా. శివగా నాగార్జున, హీరోయిన్‌గా అమల, విలన్ భవానిగా రఘువరన్. రామ్‌గోపాల్ వర్మకు దర్శకుడిగా మొదటి సినిమా. విజయవాడలో ఇంజినీరింగ్ చదివి, మన అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన మనిషి ఆయన. ఎస్. గోపాల్ రెడ్డి కెమెరా, ఇళయరాజా సంగీతం, తనికెళ్ల భరణి మాటలు. స్టెడీక్యామ్ అనే పరికరాన్ని ఈ సినిమాలో వాడుకున్న తీరు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పరిగెత్తే మనిషి వెనకాలే కెమెరా కూడా, కుదుపు లేకుండా పరిగెత్తింది. అంతకుముందు విలన్ అంటే పెద్ద డెన్ను, చుట్టూ మెరిసే లైట్లు, పెద్ద నవ్వు. భవాని మామూలు చొక్కా వేసుకుని ఇరుకు గదిలో కూర్చుని, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. రఘువరన్ పోయి చాలా ఏళ్లయింది, 2008లో పోయారు. ఆ గొంతు మాత్రం విన్నవాళ్లు మర్చిపోలేదు. దెబ్బ పడితే దెబ్బలాగే వినిపించింది, హాల్లో కూర్చున్నవాడికి ఒళ్లు నొప్పి పుట్టింది. ఇదంతా నిజం. దీని మీద ఎవరికీ పేచీ లేదు.

పేచీ వచ్చింది ఇంకోచోట. నేనప్పుడు ఈ నగరంలోనే ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి, కొత్తగా చేరాను. ఆ సినిమా వచ్చాక మా స్టాఫ్ రూమ్ రెండు ముక్కలైంది. పెద్ద లెక్చరర్లు కొందరు, ‘పిల్లల చేతికి ఆయుధం ఇచ్చాడయ్యా ఈ డైరెక్టరు’ అనేవాళ్లు. కుర్ర లెక్చరర్లు, ‘మన కాలేజీని ఉన్నదున్నట్టు చూపించిన మొదటి సినిమా సార్’ అనేవాళ్లు. బాటనీ చెప్పే మేడమ్ ఒకావిడ ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశారట. ఆవిడ అన్న మాట నాకు ఇంకా గుర్తుంది: “మా గేటు దగ్గర రోజూ చూస్తున్నదే. దానికి మళ్లీ టికెట్ ఎందుకు?” ఆ మాటకు మా స్టాఫ్ రూమ్‌లో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. పిల్లలు చెడిపోతారన్నవాళ్లూ చెప్పలేదు, గొప్ప సినిమా అన్నవాళ్లూ చెప్పలేదు. ఆవిడ చెప్పింది భయం సంగతి. మిగతావాళ్లందరూ చైను సంగతి మాట్లాడుతున్నారు.

ఇప్పుడు ఒక అబ్బాయి గురించి చెప్పాలి. టైమ్ చూసుకుంటున్నారని తెలుసు. కానీ ఇది చెప్పకుండా కూర్చోలేను.

సినిమా వచ్చిన మరుసటి ఏడాది. సెకండియర్ బీకాం. వెనక బెంచీల్లో కూర్చునేవాడు, అల్లరి చేసేవాడు కాదు. వాళ్ల నాన్నకు సైకిల్ రిపేర్ షాపు ఉంది. ఆ రోజుల్లో మా ప్రిన్సిపాల్ గారు గేటు దగ్గర సంచులు వెతికించడం మొదలుపెట్టారు. కారణం అడిగితే సినిమా పేరే చెప్పారు. ఆ అబ్బాయి సంచిలో సైకిల్ చైను దొరికింది. కొత్తది, కాగితంలో చుట్టి ఉంది, ఇంకా నూనె ఆరలేదు. షాపు కోసం బజార్లో కొని, కాలేజీ అయ్యాక నాన్నకు ఇద్దామని తెచ్చుకున్నాడు. జేబులో బిల్లు కూడా ఉంది.

ఎంక్వైరీ కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను. వాళ్ల నాన్న పని మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, చేతులకు గ్రీజు. బిల్లు టేబుల్ మీద పెట్టాడు. “సార్, చైను కొట్టుకోవడానికైతే కొత్తది ఎందుకు కొంటాం సార్, షాపు నిండా పాతవే ఉన్నయ్” అన్నాడు. ఎంత సూటి మాట చూడండి! ఆ బిల్లును ఎవరూ చేత్తో తీసుకుని చూడలేదు. వాణ్ణి పంపించడానికి వీల్లేదని నేను రాసి ఇచ్చాను. మిగతావాళ్లందరూ పంపెయ్యాలన్న వైపే ఉన్నారు. కుర్రాడికి టీసీ ఇచ్చి పంపేశారు. వాడు డిగ్రీ పూర్తి చెయ్యలేదు.

అదే నెలలో, అదే గేటు ముందు, ఒక లోకల్ నాయకుడి జీపు రోజూ ఆగేది. అందులో మా విద్యార్థులే ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. సీటు కింద ఏముందో అందరికీ తెలుసు. ఆ జీపును ఎవరూ వెతకలేదు. వాచ్‌మన్ లేచి నిలబడి సలాం కొట్టేవాడు.

నన్ను చెప్పనివ్వండి, ఇది సినిమా గురించే. సినిమాను తప్పుపట్టడం తేలిక. సినిమా మన ఇంటికొచ్చి బెదిరించదు. జీపులో ఉన్నవాడు బెదిరిస్తాడు. కాబట్టి జీపును వదిలేసి సినిమాను పట్టుకున్నారు. సినిమా దొరక్కపోతే సినిమా చూసినవాణ్ణి పట్టుకున్నారు. అసలు ఆ సినిమా చెప్పింది ఇదే! కాలేజీలో కొట్టుకునేది కుర్రాళ్లు, వాళ్లను నడిపేది భవాని, భవానిని వాడుకునేది కోట శ్రీనివాసరావు వేసిన రాజకీయ నాయకుడి పాత్ర. ఇంత స్పష్టంగా మెట్లు కట్టి చూపిస్తే, ఆ సినిమా చూసొచ్చి కూడా అట్టడుగు మెట్టు మీదున్న పిల్లాణ్ణే పట్టుకున్నారు.

క్యాంపస్‌లో కత్తులు ఈ సినిమాతో రాలేదు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఉస్మానియాలో, 1972 ఏప్రిల్ 14న జార్జ్ రెడ్డిని ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర పొడిచి చంపారు. ఫిజిక్స్‌లో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న విద్యార్థి, పాతికేళ్ల కుర్రాడు. అప్పటికి ‘శివ’ రావడానికి ఇంకా పదిహేడేళ్లుంది. విజయవాడలో కాలేజీల మీద పట్టు కోసం మొదలైన గొడవలు ఊరి రాజకీయాల్లోకి ఎక్కి ఎంతమందిని మింగాయో పెద్దవాళ్లకు తెలుసు. 1988 డిసెంబర్‌లో నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి రంగాను చంపేశారు, ఊళ్లు తగలబడ్డాయి. అది జరిగిన ఏడాదిలోపే ఈ సినిమా వచ్చింది. వర్మ చదువుకున్నది ఆ ఊళ్లోనే. ఆయన ఎక్కడి నుంచో ఊహించి తేలేదు.

ఇక్కడ ఇంకో పక్షం ఉంది, వాళ్ల మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. విద్యార్థి ఉద్యమాల్లో పనిచేసినవాళ్లు. వాళ్ల అభ్యంతరం రక్తం గురించి కాదు. ‘ఫీజుల కోసం, హాస్టళ్ల కోసం, బస్ పాసుల కోసం కొట్లాడిన యూనియన్లు ఈ సినిమాలో ఒక్కటైనా ఉన్నాయా? యూనియన్ అంటే గూండాలే అన్నట్టు చూపించారు’ అంటారు. ఈ మాటలో బలముంది. మన దగ్గర కాలేజీ ఎన్నికలు 1988లోనే ఆపేశారు, సినిమా కంటే ముందే. కాబట్టి నిషేధం సినిమా వల్ల రాలేదు. కానీ తర్వాత ఎవరైనా ‘మళ్లీ ఎన్నికలు పెట్టండి’ అంటే, ‘మళ్లీ శివ సినిమా చూపిస్తారా’ అని నోరు మూయించారు. నేను చెవులారా విన్నాను. 2006లో లింగ్డో కమిటీ, కాలేజీల్లో యూనివర్సిటీల్లో ఎన్నికలు పద్ధతిగా జరపమని చెప్పింది. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీలో జరుగుతున్నాయి. మన డిగ్రీ కాలేజీల పిల్లలకు మాత్రం ఓటు వేసే వయసొచ్చినా తమ కాలేజీలో ఓటు లేదు. ఎన్నికలు లేవు కాబట్టి జీపులు ఆగిపోయాయా? ఇక్కడ కూర్చున్న విద్యార్థులు చెప్పాలి.

ఇక చైను. సినిమా ప్రభావం ఏమీ ఉండదని అభిమానులు అంటారు. దాన్ని కూడా నేను ఒప్పుకోను. సినిమా వచ్చిన కొత్తలో మా సైకిల్ స్టాండులో కుర్రాళ్లు చైన్లు లాగి చూశారు. అది చేత్తో లాగితే ఊడి రాదు. లింకు పిన్ను తీస్తే తప్ప రాదు. వేళ్లు తెగాయి, కట్టు కట్టుకుని క్లాసుకు వచ్చారు. అంటే సినిమా వాళ్ల చేతుల్లోకి వెళ్లింది. నడక మారింది, చొక్కా చేతులు మడిచే తీరు మారింది. కోపం ఉన్నవాడికి ఆ కోపం ఎలా చూపించాలో ఒక స్టైల్ దొరికింది. కోపం మాత్రం వాడిదే. ఇంట్లో డబ్బుల్లేవు, ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేదు, గేటు దగ్గర ఎవడో కాలర్ పట్టుకున్నాడు. అది సినిమా ఇవ్వలేదు.

2025 నవంబర్‌లో ఈ సినిమాను 4కేలో మళ్లీ వేశారు. వెళ్లాను. చుట్టూ అందరూ మా విద్యార్థుల పిల్లల వయసువాళ్లు. చైను ఊడి వచ్చేసరికి కాగితాలు ఎగిరాయి, ఈలలు, సెల్‌ఫోన్లు పైకి లేచాయి. పక్కన కూర్చున్న అబ్బాయి ఇంటర్వెల్‌లో, “అంకుల్, దీన్ని వయొలెంట్ అని ఎందుకన్నారు అప్పుడు? ఇందులో ఏముంది?” అని అడిగాడు. నిజాయితీగానే అడిగాడు. ఈ మధ్య వచ్చే సినిమాల్లో ఒక్క ఫైట్‌లో చచ్చేవాళ్లను లెక్కపెట్టలేం. ఒక్కడు నరికితే పదిమంది గాల్లోకి లేస్తారు. వాళ్లకు పేర్లుండవు. వాళ్ల ఇళ్లల్లో ఎవరూ ఏడవరు.

ఆ అబ్బాయికి నేను చెప్పింది ఒక్కటే. సెకండాఫ్‌లో మల్లిని చూడు బాబూ అని.

మీరందరూ కూడా ఇవాళ మల్లిని చూడండి. శివ స్నేహితుడు, చిన్నా వేసిన పాత్ర. నవ్విస్తాడు, భయపడతాడు, అయినా స్నేహితుడి వెంట నిలబడతాడు. అతన్ని వెంటాడి చంపుతారు. ఆ సన్నివేశంలో హీరో లేడు. పరిగెత్తేది ఒక మామూలు కుర్రాడు. అతనికి ఫైట్ రాదు. నేను కూర్చున్న హాల్లో అంతసేపూ మోగిన ఈలలు అక్కడ ఆగిపోయాయి. ఒక్క ఫోన్ పైకి లేవలేదు. ఆ తర్వాత శివ అన్న కూతురు. పసిపిల్ల. సైకిల్ మీద బాబాయితో పారిపోయే సన్నివేశం అందరికీ గుర్తుంటుంది, పోస్టర్లు వేసుకుంటారు. ఆ పిల్లను చివరికి చంపేస్తారన్న సంగతి చాలామందికి గుర్తులేదు. అడిగి చూడండి మీ ఇళ్లల్లో! చైను గుర్తుంది, పిల్ల గుర్తులేదు.

ఆ చైను లాగిన క్షణం నుంచి లెక్క మొదలైంది. హీరో గెలుస్తూనే ఉంటాడు, అతని చుట్టూ ఉన్నవాళ్లు తగ్గిపోతూ ఉంటారు. వర్మ ఆ లెక్క దాచలేదు. తిట్టినవాళ్లు చైను దగ్గరే ఆగిపోయి తిట్టారు. పొగిడినవాళ్లూ అక్కడే ఆగిపోయి పొగిడారు.

సినిమా మీద నాకూ ఒక ఫిర్యాదు ఉంది, అది దాచను. అమల వేసిన ఆశ మొదట్లో ఎంత చలాకీగా ఉంటుంది! పెళ్లయ్యాక ఆ అమ్మాయికి మిగిలింది ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం. బిడ్డను పోగొట్టుకున్న వదిన దగ్గర కెమెరా ఎక్కువసేపు నిలబడలేదు, మళ్లీ హీరో వెంట పరిగెత్తింది. పరిగెత్తడానికి అంత మంచి పరికరం తెచ్చారు. ఆ తల్లి దగ్గర కాసేపు నిలబడి ఉంటే బాటనీ మేడమ్ గారు ఇంటర్వెల్ తర్వాత కూడా కూర్చునేవారేమో.

ఇక్కడ షార్ట్ ఫిలిమ్స్ తీసేవాళ్లున్నారని విన్నాను. అమ్మా, బాబూ, మిమ్మల్ని హింస చూపించొద్దని నేను అనను. మన ఊళ్లల్లో ఉంది, చూపించాల్సిందే. దెబ్బ కొట్టినవాడి మొహం మీద ఎంతసేపు ఉంటారో, తిన్నవాడి మొహం మీద కూడా అంతసేపు ఉండండి. వాడికి ఒక పేరు పెట్టండి. వాడి ఇల్లు ఒక్కసారి చూపించండి. సెన్సార్ వాళ్లను కత్తిరించమని అడిగే పెద్దలకు కూడా నా మనవి ఇదే. ‘శివ’లో నుంచి మల్లి చావును తీసేస్తే హింస తగ్గదు. ఈలలు మాత్రమే మిగులుతాయి.

నిర్వాహకులు చీటీ పంపారు. అయిపోయింది.

ఒక్క కోరిక ఉంది. సినిమా అయ్యాక చర్చ పెట్టారు కదా, ఎప్పటిలా ముందు వరుసలో ఉన్న మావంటి వాళ్లకు మైకు ఇవ్వకండి. మేము ఈ సినిమా గురించి ముప్పై ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాం. ముందు ఇక్కడున్న ఆడవాళ్లకు ఇవ్వండి, తర్వాత ఇప్పుడు కాలేజీలో చదువుతున్న పిల్లలకు. సినిమా నచ్చలేదన్నా సరే, సగంలో లేచి వెళ్లాలనిపించిందన్నా సరే, ఎవరూ మధ్యలో ఆపకుండా వినండి. నేను చివరిదాకా కూర్చుంటాను. సెలవు.