ఈ తాబేళ్లు ఏ ఏడాది పిల్లలు?

సభకు నమస్కారం. పెద్దలకూ, కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకూ.

2025 ఫిబ్రవరిలో ఒడిశాలోని మన రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెట్టాయి. ఆ కబురు గంజాం జిల్లా అంతా పాకింది. బరంపురంలో మా వీధి పెద్దాయన ఒకరు, "మాస్టారూ, ఇంక తాబేళ్లకు ఢోకా లేనట్టేగా?" అని సంతోషంగా అడిగారు. అప్పుడు నిలబడి సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన ఇవాళ ముందు వరసలోనే ఉన్నారు.

అయ్యా, అంతకు ముందు ఏడు, 2024లో, అదే ఒడ్డున సామూహికంగా గుడ్లు పెట్టడమే జరగలేదు. 2023లో 6 లక్షలు దాటాయి. పుట్టుకలూ చావులతో తాబేళ్ల సంఖ్య ఏడాదిలో ఇంత పడి, మళ్లీ ఇంత లేవదు. మనం లెక్కపెట్టింది సముద్రంలో ఉన్న తాబేళ్లను కాదు, ఆ ఏడు ఒడ్డుకొచ్చిన తల్లులను. మగవి ఒడ్డెక్కవు. ఈడు రానివి నీళ్లలోనే ఉంటాయి.

ఇదే జిల్లాలో భేట్నై, బాలిపదర్ పొలాల్లో కృష్ణజింకల లెక్క వేరు. మంద దిగిన పొలానికి వానలు బాగా పడతాయని అక్కడి రైతుల నమ్మకం. పైరు మేసినా తరమరు. 2011లో 2,194, 2015లో 3,806, 2018లో 4,044, 2021లో 7,358. కాన్పుకు ఒక్కటే పిల్ల, కానీ ఆడది రెండేళ్లకల్లా తల్లవుతుంది. అందుకే వడ్డీ మీద వడ్డీ పడుతుంది. ఏటా నూటికి 15 పెరిగితే ఐదేళ్లకు రెట్టింపు. 2015 తర్వాత మూడేళ్లు ఆ పెరుగుదల దాదాపు ఎలా నిలిచిపోయిందో చూడండి. మేతా నేలా కలిసొచ్చినన్నాళ్లే ఆ వడ్డీ. పూరీ వైపు బాలుఖండ్‌ అడవిలో ఇదే జింక ఒక దశలో పూర్తిగా కనుమరుగైంది. ఏమైనా, జింకకు మనం చేసిన మంచీ చెడూ నాలుగైదేళ్లలో లెక్కలోకి వచ్చేస్తుంది.

తాబేలుకు అలా కాదు. ఒకసారి రుషికుల్య మొగ దగ్గరి పురుణాబంధ ఒడ్డున తెల్లవారుజామున ఒక తల్లిని నాలుగు గజాల దూరం నుంచి చూశాను. వెనక తెడ్లను చేటల్లా మడిచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడింది. కుండంత గొయ్యి. అందులో నూరుకు పైగా తెల్లటి గుడ్లు. పూడ్చేశాక ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డొప్పతో ఇసుకను దిమ్మిసా కొట్టినట్టు కొట్టింది. గంట కూడా పట్టలేదు. తిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది.

ఆ పిల్లల్లో వెయ్యికి ఒకటి పెద్దదవుతుందని అంచనా. పెద్దదవడానికి సుమారు 15 ఏళ్లు. అంటే 2025లో తొలిసారి గుడ్లు పెట్టినవి 2010 ప్రాంతంలో పుట్టినవి. 2025లో పుట్టినవాటి సంగతి 2040 దాకా ఒడ్డు చెప్పదు.

మరి ఏది కాపాడాలి, గుడ్డునా, తల్లినా? 1987లో అమెరికాలో డెబొరా క్రౌస్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు లాగర్‌హెడ్ అనే మరో జాతి సముద్రపు తాబేళ్ల మీద వయసుల వారీగా లెక్క కట్టారు. గుడ్లన్నీ కాపాడినా అది ఒక్కటే చాలదని, ఈడుకు దగ్గరపడ్డవీ, ఎదిగినవీ చావకుండా చూడాలని తేలింది. మన పిల్లలు రాత్రిళ్లు మేలుకుని తాబేలు కూనలను సముద్రంలో వదులుతారు, అది నాకు ప్రాణం. అయినా చెప్పాలి: ట్రాలర్ అనే పెద్ద మరపడవ ఈడ్చే వలలో ఒక తల్లి ఊపిరాడక చనిపోతే, ఆ చోటు నిండడానికి వెయ్యి కూనలు కావాలి.

నవంబర్ 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం అందుకే. ఏడు నెలలు. ఆ భారం గోపాలపూర్, ఆర్జిపల్లిలో చిన్న పడవల మీద బతికే మన తెలుగు ఇళ్ల పొయ్యి మీద పడుతుంది. వాళ్లకు సరిపడా సాయం అందించకుండా తాబేలు గురించి మాట్లాడటం అన్యాయమని గట్టిగా అంటాను. ట్రాలర్ వలకు తాబేలు తప్పించుకునే కంత పెట్టించడం మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఆదివారం అటవీశాఖ వాళ్లతో పురుణాబంధ ఒడ్డుకు వెళుతున్నాం. వచ్చేవాళ్లు కొలతటేపు తెచ్చుకోండి. చచ్చి కొట్టుకొచ్చిన తాబేలు కనిపిస్తే డొప్ప పొడవు రాసుకుందాం. 60 సెంటీమీటర్లు దాటిందంటే అది ఈడొచ్చినదే.