మెయిన్ ఆపి షట్టర్ దించుతున్నారా? మీ ఓఎల్ఈడీ మీద మచ్చ వేస్తున్నది అదే!

నమస్కారం అండి. ఇవాళ ఒక్క ప్రశ్నతో మొదలుపెడతాను. ఓఎల్ఈడీ మానిటర్, అంటే ప్రతి చుక్కా విడిగా వెలిగే స్క్రీన్, కొని ఏడాది తిరిగేసరికి స్క్రీన్ మీద మచ్చ పడిందని బాధపడుతున్న వాళ్లందరికీ ఇదే ప్రశ్న. రాత్రి స్టూడియో మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి వెళ్తున్నారా?

ఆపుతున్నారా? అయితే ఆ మచ్చ మీ చేత్తోనే పడింది. కోపం తెచ్చుకోకండి. వీడియో చివరిదాకా చూసి, అప్పుడు తిట్టండి.

పోయిన వీడియోలో నేనేమన్నాను? పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు ధైర్యంగా ఓఎల్ఈడీ కొనుక్కోవచ్చన్నాను. కింద కామెంట్లు చూశారుగా! "అన్నా, ఫోటోషాప్ టూల్‌బార్ స్క్రీన్ మీద అచ్చు దిగిపోయింది", "అన్నా, అది గేములు ఆడుకునే పిల్లలకి, పని చేసుకునే వాళ్లకి కాదు", "అన్నా, నువ్వు డబ్బులు తీసుకుని చెప్తున్నావు". చివరి మాటకు జవాబు: ఒక్క రూపాయి తీసుకోలేదు. నా మానిటర్ నా డబ్బుతో కొన్నదే. మొదటి మాటకు జవాబు ఈ వీడియో మొత్తం.

ఇటు చూడండి. స్క్రీన్ మీద రెండు ఫోటోలు పెట్టాను. రెండూ ఒకే మోడల్ మానిటర్లు, రెంటిలోనూ ఒకే బూడిద రంగు ప్లేటు, అంటే స్క్రీన్ నిండా ఒకే బూడిద రంగు. ఎడమ పక్కది మా బావది. గుంటూరు అరండల్‌పేటలో ఆయన స్టూడియో. కుడి పక్కది నాది, ఇక్కడ విజయవాడ గవర్నర్‌పేటలో ఉంది. నిరుడు మాఘమాసం ముహూర్తాలకు ముందు, ఒకే రోజు ఒకే షాపులో కొన్నాం. 32 అంగుళాలు, 4కే, ఓఎల్ఈడీలోనే క్యూడీ ఓఎల్ఈడీ అనే రకం. ఇద్దరిదీ ఒకే పని. ఫోటోషాప్ తెరవడం, పెళ్లికూతురి కంచిపట్టు రంగు సరిచేయడం, కరిజ్మా ఆల్బమ్ షీట్లు పేర్చడం. సీజన్‌లో రోజుకు 10, 12 గంటలు కూర్చుంటాం ఇద్దరం.

నాది చూడండి, పలక కడిగినట్టు ఉంది. బావది చూడండి. ఎడమ అంచున పైనుంచి కిందికి టూల్‌బార్ నీడ. బ్రష్ బొమ్మ, క్రాప్ బొమ్మ, అన్నీ ఆనవాలు పట్టొచ్చు. కింద టాస్క్‌బార్ గీత.

ఈ శ్రావణంలో ఫోన్ చేశాడు. "బావా, జీలకర్ర బెల్లం ఫోటో పెడితే అమ్మాయి బుగ్గ మీద బ్రష్ గుర్తు కనపడుతోంది. రంగు తప్పో, మచ్చో తెలియక నాలుగు షీట్లు రెండుసార్లు ప్రింట్‌కి పంపాను" అన్నాడు. ఆ గొంతులో బాధ విన్నాక ఉండబట్టలేక ఆ సాయంత్రమే బస్సెక్కి గుంటూరు వెళ్లాను. కేబుల్ చూశాను, సెట్టింగులు చూశాను, బ్రైట్‌నెస్ చూశాను. అన్నీ నావే దించినట్టున్నాయి. ఏం తేడా లేదు. రాత్రి తొమ్మిదిన్నర అయింది, ఇక మూసేద్దాం అన్నాడు.

అప్పుడు చూశానండీ. కంప్యూటర్ షట్‌డౌన్ చేశాడు. మానిటర్ ఆపాడు. గోడ మీద స్విచ్ ఆపాడు. గుమ్మం దగ్గరికొచ్చి మెయిన్ దించాడు. అప్పుడు షట్టర్ దించి, తాళం వేసి, దణ్ణం పెట్టుకున్నాడు.

"ఆగు బావా, రోజూ ఇంతేనా?" అన్నాను.

"మరి? మెయిన్ దించకుండా షట్టర్ దించొద్దని నాన్న చెప్పిందే కదా" అన్నాడు.

మళ్లీ తాళం తీయించాను. మెయిన్ ఎత్తి, మానిటర్ మెనూలోకి వెళ్లాను. ప్యానెల్ పరిస్థితి చూపించే లైను ఒకటి ఉంటుంది మా మోడల్‌లో. నాది ఎప్పుడు చూసినా పచ్చగా ఉంటుంది. బావది ఎర్రగా ఉంది. అంటే పిక్సెల్ రిఫ్రెష్ బాకీ ఉంది, చేయండి మహాప్రభో అని మానిటర్ మొత్తుకుంటోంది. ఎన్నాళ్ల నుంచి మొత్తుకుంటోందో!

ఏమిటీ పిక్సెల్ రిఫ్రెష్? గుంటూరు జిల్లా వాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను. కల్లంలో మిర్చి ఆరబోస్తారు. ఆరబోసి వదిలేస్తారా? తిరగేస్తూ ఉండాలి. తిరగెయ్యకపోతే పైకాయ ఎండుతుంది, కింది కాయ చెమ్మ పట్టి తెల్లబారి తాలు అవుతుంది. యార్డులో తాలు కాయకు ఏం ధర వస్తుందో మీకు నేను చెప్పాలా? ఓఎల్ఈడీ కూడా అంతే. ఎల్‌సీడీలో వెనక ఒక లైటు ఉంటుంది, అదే మొత్తం స్క్రీన్‌ని వెలిగిస్తుంది. ఓఎల్ఈడీలో ఏ చుక్క, అదే పిక్సెల్, వెలుగు ఆ చుక్కదే. 4కే అంటే 3840 నిలువు వరుసలు, 2160 అడ్డ వరుసలు, 80 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్క ఎంత వెలిగితే అంత అరుగుతుంది. రోజూ ఒకే చోట ఒకే బొమ్మ ఉంటే ఆ చోటు పక్క చోట్ల కంటే భిన్నంగా అరుగుతుంది. ఆ తేడానే మనం మచ్చ అంటున్నాం.

ఈ తేడాను సరిచేయడానికే కంపెనీ మానిటర్ లోపల ఒక ఏర్పాటు పెట్టింది. చాలా మోడళ్లలో సుమారు 4 గంటలు వాడాక, మీరు మానిటర్ ఆపి స్టాండ్‌బైలో వదిలితే, అది తనంతట తాను చుక్కల్ని కొలుచుకుంటుంది. ఏ చుక్కకు ఎంత కరెంటు అందించాలో లెక్క సరిచేసుకుంటుంది. కొన్ని నిమిషాల పని. అదే తిరగెయ్యడం.

స్టాండ్‌బైలో అన్నాను, విన్నారా? స్క్రీన్ ఆరి ఉండాలి, కరెంటు మాత్రం ఉండాలి. మానిటర్ ఆపిన పది సెకన్లలో మెయిన్ దించేస్తే ఇంకేం చేస్తుందది? రోజంతా చాకిరీ చేసి, రాత్రి కాస్త ఒళ్లు సర్దుకుందాం అనుకునేసరికి పీక నొక్కేస్తున్నాం. రోజూ. ఏడాదిన్నర పాటు. అప్పుడు మచ్చ పడక ఏం చేస్తుంది?

రెండు మానిటర్లు చూసి ఇంత గట్టిగా మాట్లాడతావేమిటి అంటారేమో. మాట్లాడతాను. ఎందుకంటే ఆ తర్వాత మచ్చ పడిందని నాకు ఫోన్ చేసిన ప్రతి స్టూడియో వాళ్లనీ ఇదే అడిగాను. మెయిన్ ఆపుతామన్న మాటే వినపడుతోంది. నా సిద్ధాంతం ఇదీ: మన దగ్గర ఓఎల్ఈడీకి చెడ్డపేరు తెచ్చింది ప్యానెల్ కాదు, స్విచ్ బోర్డు. కాదన్నవాళ్లు కింద రాయండి. రాసే ముందు మాత్రం మీ ఇంట్లో, మీ షాపులో ఏం చేస్తున్నారో చూసుకుని రాయండి.

నాకు నిజంగా ఒళ్లు మండేది ఎక్కడంటే, ఈ మాట అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. లక్ష దాటిన వస్తువు అమ్మారు. రంగులు చూపించారు, నలుపు చూపించారు, మౌంట్ బిగించి ఇచ్చారు. రాత్రి మెయిన్ ఆపకండి అనే మూడు ముక్కలు నోట రాలేదు. ఆ మాట మాన్యువల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆల్బమ్ డెలివరీ టెన్షన్‌లో ఉన్నవాడు మాన్యువల్ చదువుతాడా?

బావను నేను ఒక్క మాట అనను. వాళ్ల నాన్నగారు చెప్పింది తప్పు కాదు. షార్ట్ సర్క్యూట్ భయం నిజం, ఉరుముల కాలంలో ఓల్టేజి ఎగిరిపడటం నిజం. పాత డబ్బా మానిటర్‌కి, ఎల్‌సీడీకి ఆ అలవాటు వల్ల ఏ నష్టమూ లేదు. ఈ ఒక్క రకం మానిటర్‌కే అది పడదు. ఆ ఒక్క రకాన్నే అంత ఖరీదు పెట్టి కొంటున్నాం.

ఇక సోనీ సంగతి. ప్రతి గొడవలోనూ ఒకాయన వచ్చి "సోనీయే ఓఎల్ఈడీని వదిలేసింది, నువ్వు చెప్పేదేమిటి" అంటాడు. వాస్తవమే. సినిమాకు రంగులు సరిచేసే కలరిస్టులు ప్రమాణంగా పెట్టుకున్న సోనీ బీవీఎం ఎక్స్300 మానిటర్ ఓఎల్ఈడీనే. దాని తర్వాత 2018లో ప్రకటించిన హెచ్‌ఎక్స్310 రెండు పొరల ఎల్‌సీడీ. కానీ కారణం అడగరే? హెచ్‌డీఆర్, అంటే మెరుపులు బాగా ఎక్కువ వెలుగుతో చూపించే పద్ధతిలో సినిమా చేసేవాళ్లకు స్క్రీన్ మొత్తం 1000 నిట్స్ వెలుగు నిలబడాలి. నిట్స్ అంటే స్క్రీన్ వెలుగుకు కొలత. ఓఎల్ఈడీ చిన్న మెరుపును ఆ స్థాయిలో చూపించగలదు గానీ, స్క్రీన్ నిండా తెలుపు పెడితే తనంతట తాను తగ్గించేసుకుంటుంది. ఇవాళ మనం కొనే చాలా క్యూడీ ఓఎల్ఈడీల్లో కూడా ఫుల్ స్క్రీన్ తెలుపు 250 నిట్స్ దగ్గరే ఉంటుంది.

సరే, 250. ఆల్బమ్ డిజైనర్‌కి ఎంత కావాలి? ప్రింట్ పనికి మానిటర్ని 80 నుంచి 120 నిట్స్ మధ్య పెట్టుకుంటారు. అంతకంటే పెంచితే స్క్రీన్ మీద వెలిగిపోయిన ఫోటో కాగితం మీద చీకటిగా వస్తుంది, ల్యాబ్ వాడితో గొడవ. అంటే సోనీకి అడ్డమైన లోటు మనకు అడ్డమే కాదు! పైగా తక్కువ వెలుగులో నడిపితే చుక్కలు మెల్లగా అరుగుతాయి. ఓఎల్ఈడీకి ఇంతకంటే అనువైన పని ఇంకేదీ లేదని నేను అంటుంటే, మనవాళ్లు గేములకే అంటున్నారు.

మచ్చ భయం కంపెనీలకు ఈనాటిది కూడా కాదు. డెల్ 2016 జనవరిలో 30 అంగుళాల 4కే ఓఎల్ఈడీ మానిటర్ని 4,999 డాలర్లని ప్రకటించింది. అందులో మనిషి కుర్చీలోంచి లేచి వెళ్తే పసిగట్టి స్క్రీన్ ఆర్పేసే సెన్సర్ పెట్టారు. ఎందుకు పెట్టారు? చుక్కలు ఉత్తినే అరగకూడదని. తర్వాత 2022లో డెల్ వాళ్లదే అయిన ఏలియన్‌వేర్ 34 అంగుళాల క్యూడీ ఓఎల్ఈడీకి, మచ్చ పడినా చెల్లేలా మూడేళ్ల వారంటీ ఇచ్చారు. మీరు కొనేదానికి మన దేశంలో ఆ మాట ఉందో లేదో బిల్లు వేయించే ముందే కాగితం మీద చూసుకోండి.

ఇక్కడ ఒక్క వర్గాన్ని మాత్రం వద్దంటాను. విజయవాడలో డీటీపీ చేసేవాళ్లు, పుస్తకాల పేజీలు పెట్టేవాళ్లు. పొద్దున్నుంచి రాత్రిదాకా పేజ్‌మేకర్, అను ఫాంట్లు, తెల్ల పేజీ. మీకు ఓఎల్ఈడీ వద్దు. మెయిన్ ఆపకపోయినా వద్దు. స్క్రీన్ నిండా తెలుపు దానికి పెద్ద బరువు. ఇంకొకటి, చాలా క్యూడీ ఓఎల్ఈడీల్లో ఒక్కో చుక్క లోపలి ఎరుపు, పచ్చ, నీలం ముక్కలు వరసగా కాకుండా ముక్కోణంలో ఉంటాయి. విండోస్ అక్షరాన్ని నునుపు చేసేది అవి వరసగా ఉన్నాయనుకుని. అందుకే అక్షరం అంచున రంగు చార కనపడుతుంది. ఇంగ్లిష్ నిలువు గీతల కంటే మన ఒత్తులు, గుడులు, తలకట్లు చిన్న సైజులో ఉన్నప్పుడు కళ్లు లాగేస్తాయి. 34 అంగుళాల వైడ్ మానిటర్లో నేను వారం రోజులు తెలుగు ప్రూఫులు చూశాను. 'ఘ'కీ 'ఝ'కీ మధ్య తడబడ్డాను. 32 అంగుళాల 4కేలో చుక్కలు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ బాధ తగ్గుతుంది, పోదు. మీరు ఎల్‌సీడీలోనే ఐపీఎస్ అనే రకంలో మంచిది కొనుక్కోండి, హాయిగా ఉంటుంది.

ఆల్బమ్ వాళ్లకు ఇంకో ముక్క. నెత్తి మీద ట్యూబ్‌లైటు పెట్టుకుని, నలుపు ఊదారంగులో కనపడుతోందని ఫోన్ చేస్తున్నారు. చాలా క్యూడీ ఓఎల్ఈడీల్లో బయటి వెలుగును మింగే పోలరైజర్ పొర ఉండదు. ట్యూబ్‌లైటు మానిటర్ వెనక్కి మార్చండి, కాటుక నలుపు వస్తుంది. గదిలో ఏసీ కూడా చూసుకోండి. మే నెలలో విజయవాడ ఎండ మీకు తెలుసు, ఈ ప్యానెల్‌కి వేడి పడదు.

సరే, స్విచ్ దగ్గరికి వద్దాం. ఏం చెయ్యాలి? మానిటర్ ప్లగ్గు ఒక్కదానికి మెయిన్‌తో సంబంధం లేకుండా విడిగా లైను లాగించండి. ఎలక్ట్రీషియన్‌కి గంట పని. మధ్యలో ఎంసీబీ, అదే షార్ట్ అయితే తనే పడిపోయే స్విచ్, పెట్టించండి, భయం ఉండదు. స్టాండ్‌బైలో మానిటర్ తాగేది అర వాట్ అనుకున్నా నెలంతా కలిపి అర యూనిట్ కూడా కాదు. అద్దె షాపు, ఓనరు ఒప్పుకోడు అంటారా? అయితే మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు మెనూలోకి వెళ్లి పిక్సెల్ రిఫ్రెష్ మీరే నొక్కి వెళ్లండి. మీరు పప్పూ అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు దాని పని అయిపోతుంది. టాస్క్‌బార్ దాచుకోండి, టూల్‌బార్‌ని అప్పుడప్పుడు కుడి పక్కకి మార్చుకోండి. ఇవన్నీ మీకు తెలిసినవే.

బావ మానిటర్‌కి ఆ రాత్రే రిఫ్రెష్ పెట్టించాను. మెనూలో ఇంకోటి ఉంటుంది, ప్యానెల్ రిఫ్రెష్ అని. అది గంట దాకా పడుతుంది, మాటిమాటికీ చెయ్యకూడదు. ఒక్కసారి అది కూడా చేయించాను. షట్టర్ సగం దించి, ఇద్దరం బయట స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. అయ్యాక బూడిద ప్లేటు పెట్టి చూశాం. టాస్క్‌బార్ గీత పోయింది. టూల్‌బార్ నీడ చాలావరకు తగ్గింది, బ్రష్ గుర్తు మాత్రం ఉండిపోయింది. అది ఇక పోదు, బావకీ చెప్పేశాను.

ఈ రాత్రి మీరు మూసేటప్పుడు మానిటర్ ఆపి, ఒక్క నిమిషం నిలబడి దాని పవర్ లైటు చూడండి. చాలా మోడళ్లలో రిఫ్రెష్ జరుగుతుంటే ఆ లైటు ఆరి వెలుగుతుంటుంది. అది ఆగేదాకా మెయిన్ జోలికి వెళ్లకండి. రేపు పొద్దున బూడిద ప్లేటు పెట్టి ఫోటో తీసి, మెయిన్ ఆపుతారో లేదో రాసి కామెంట్లో పెట్టండి. వచ్చినవన్నీ పక్కపక్కన పెట్టి వచ్చే ఆదివారం వీడియోలో చూపిస్తాను.