వత్తులకీ ఒక ఆట కావాలి

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, తెలుగు శాఖ మేడమ్ గారికి, నన్ను పిలిచిన మల్టీమీడియా సార్‌కి, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బండి వేసుకొచ్చి ఎక్కించుకున్న పిల్లలకి మరీ ముఖ్యంగా. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. పొద్దుట్నుంచి భాష గురించి చాలా విన్నారు. నాకిచ్చిన అంశం చూస్తే గ్రాఫిక్ డిజైన్ సాధనకి పనికొచ్చే ఆన్‌లైన్ గేములు. ఈ రెండింటికీ ఏమిటి సంబంధం అని వెనక వరుసలో గుసగుసలు వినపడుతున్నాయి. సంబంధం ఉంది. అది చెప్పడానికే ఒప్పుకుని వచ్చాను.

నాది గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కథల పుస్తకాలు, కాలేజీ సావనీర్లు. పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అనూ తెలుగు ఫాంట్లు కొట్టిన కాలం నుంచి ఇదే పని.

ముందు గేముల సంగతి చెప్పేస్తాను, సార్‌కి మాటిచ్చాను కాబట్టి. మార్క్ మెకే అనే డిజైనర్ మెథడ్ ఆఫ్ యాక్షన్ పేరుతో కొన్ని చిన్న చిన్న గేములు చేశాడు. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. అందులో ఒకటి కెర్న్ టైప్. తెర మీద ఒక ఇంగ్లీషు పదం వస్తుంది. మొదటి అక్షరం, చివరి అక్షరం కదలవు. మధ్యలో వాటిని మౌస్‌తో అటూ ఇటూ జరిపి, చూడ్డానికి ఖాళీలన్నీ సమంగా ఉన్నట్టు కుదర్చాలి. అయ్యాక, టైపోగ్రాఫర్ కుదిర్చిన పదంతో మనదాన్ని పోల్చి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఆడితే మొదట తెలిసేదేమిటంటే, స్కేలు పెట్టి కొలిస్తే సమంగా ఉన్న ఖాళీలు కంటికి సమంగా ఉండవు. A పక్కన V వస్తే రెండూ ఏటవాలు గీతలు, దగ్గరికి జరపాలి. I పక్కన H వస్తే నిలువు గీతలు రెండూ ఎదురెదురుగా నిలబడతాయి, కాస్త ఎడం ఇవ్వాలి.

ఈ గేము మొదటిసారి చూసినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన ఏలూరు రోడ్డులో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి స్టిక్ అనే పట్టీలో పేర్చే పని. కేసు అంటే అక్షరాలుంచే గళ్ల పెట్టె. ఇంగ్లీషు కేసు ముందు నిలబడితే అక్షరాలన్నీ చేతికందే దూరంలో ఉంటాయి. తెలుగు కేసులంటే వత్తులు, గుణింతాలు అన్నీ కలిపి వందల గళ్లు. ఏ గడిలో ఏముందో ఆయన వేళ్లకి తెలుసు. టైటిల్ పేజీ వచ్చిందంటే ఆ పని ఎవరికీ ఇచ్చేవారు కాదు. పెద్ద అక్షరాలు పేర్చి, ప్రూఫు తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసేవారు. రెండు అక్షరాలు మరీ ఒరుసుకున్నట్టు కనిపిస్తే సన్నటి కాగితం ముక్క చించి వాటి మధ్య దూర్చేవారు. మళ్లీ ప్రూఫు. ఎక్కువైందనిపిస్తే ఆ కాగితం పీకేసి ఇంకా పల్చటిది పెట్టేవారు. కొలవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ కన్ను కుదరడానికి ఆయనకి ఏళ్లు పట్టింది, ఎందుకంటే ఫోర్‌మన్ కేకలేస్తే తప్ప ఎక్కడ చెడిందో చెప్పేవాళ్లు లేరు. మీకు ఆ గేము అక్కడికక్కడే చెప్తుంది. అందుకే వీటిని చిన్నచూపు చూడొద్దంటాను. సినిమా చూసినట్టు చూసి వదిలెయ్యకుండా రోజూ కాసేపు ఆడండి.

రెండోది బెజియర్ గేమ్. ఇది పెన్ టూల్, అంటే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పాయింట్లు పెట్టి వంపు గీతలు గీసే సాధనం, నేర్పుతుంది. ఇచ్చిన ఆకారం మీద గీత నడపాలి, అదీ వీలైనన్ని తక్కువ పాయింట్లతో. తక్కువ పాయింట్లయితేనే వంపు నునుపుగా వస్తుంది. మన ఫ్లెక్సుల్లో నాయకుల ఫొటో కటింగ్ చూడండి, చెవి చుట్టూ, జుట్టు చుట్టూ కత్తెరతో తరిగినట్టు గరుగ్గా ఉంటుంది. చెవి దగ్గర ఎడాపెడా క్లిక్కులు కొట్టడం వల్ల వచ్చిన గరుకు అది. ఇదే వరసలో షేప్ టైప్ అని ఇంకోటుంది. వంకరపోయిన అక్షరాన్నిచ్చి, వంపుని మార్చే హ్యాండిల్స్ లాగి దాన్ని సరిచెయ్యమంటుంది. రంగుల గేము కూడా ఉంది. చూపించిన రంగుకి సరిపోయేది చక్రం మీద పట్టుకోవాలి, తర్వాత దానికి ఎదురు రంగు పట్టుకోవాలి, టైమ్ అయిపోతూ ఉంటుంది, కాస్త టెన్షనే. మంచిదే గానీ ఒక మాట. తెర మీద వెలిగే ఆకుపచ్చ రంగు నాలుగు ఇంకులు కలిపినా ఫ్లెక్స్ మీద రాదు. ఆ పాఠం మెషీన్ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. కాంట్ అన్‌సీ అని మరొకటి, రెండు స్క్రీన్లు చూపించి ఏది సరిగ్గా ఉందో పట్టుకోమంటుంది. యాప్ డిజైన్ వైపు వెళ్లేవాళ్లు అది వదలకండి.

గేముల గురించి ఇంకా చెప్పాలనుకున్నాను, కాగితం మీద రాసుకొచ్చాను కూడా. అది పక్కన పెడతాను. ఒక విషయం చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు.

సత్యనారాయణపురంలో మా వీధిలో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. రిటైరయ్యాక కూడా వీధిలో పిల్లలకి ఊరికే పద్యాలు చెప్పేవారు. ఆయన పోయారు. పెద్దకర్మ రోజున ఇంటి ముందు ఫ్లెక్స్ కట్టారు. కొడుకు పాపం హడావుడిలో ఫొటో, మేటర్ వాట్సాప్‌లో పంపి చేయించాడు. మాస్టారి ఫొటో నిలువెత్తున ఉంది, దండ ఉంది, దీపం ఉంది. పైన పెద్దక్షరాలతో ‘శ్‌రద్‌ధాంజలి’ అని ఉంది. శ కిందకి రావలసిన క్రావడి, అదే ర వత్తు, లేదు. ద కింద ఉండాల్సిన ధ వత్తు ఊడి పక్కకొచ్చి కూర్చుంది. తెలుగు మాస్టారికి, ఆయన ఇంటి ముందు, ఆయన ఫొటో పైన!

మాస్టారి భార్య పిన్నిగారు గుమ్మంలో కూర్చుని దాన్నే చూస్తోంది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే, ‘ఇది దిద్దందే ఆయన అన్నానికి కూర్చునేవారు కాదమ్మా’ అంది. అంతే అంది.

నేను షాపుకి ఫోన్ చేశాను. అటువైపు కుర్రాడు, మీ వయసే ఉంటుంది, ఏమన్నాడో తెలుసా? ‘సిస్టమ్‌లో అలాగే వచ్చింది మేడమ్. అర్థమవుతుంది కదా’ అన్నాడు. అప్పటికే భోజనాలకి జనం వస్తున్నారు. మార్చే టైమ్ లేదు. ఆ ఫ్లెక్స్ అలాగే ఉండిపోయింది.

సిస్టమ్‌లో అలాగే వచ్చింది. ఈ మాట వినని వారం నాకు లేదు. ఎందుకలా వస్తుందో చెప్తాను, రాసుకోండి. ఫొటోషాప్‌కి వత్తులు కలపడం వచ్చు, కానీ కొన్నేళ్ల కిందటి వెర్షన్లలో అక్షరాల్ని కలిపే ఆ ఇంజిన్ మనమే ఆన్ చెయ్యాలి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోటికి వెళ్తే, పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని, ఆ తర్వాత వచ్చిన కొన్నింటిలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది. అది పెట్టకపోతే యూనికోడ్ తెలుగు పేస్ట్ చెయ్యగానే వత్తులు విడిపోతాయి. నిమిషం పని. అయితే నా బాధ సెట్టింగ్ గురించి కాదు. సెట్టింగ్ తెలియకపోతే ఎవరో చెప్తారు. ఆ కుర్రాడికి అక్షరం విరిగినట్టు కనిపించలేదే, అదీ నా బాధ. కనిపించి ఉంటే వెతుక్కునేవాడు, ఎవర్నైనా అడిగేవాడు. అదే పిల్లవాడికి ఇంగ్లీషులో ఒక అక్షరం తలకిందులైతే కనిపించదా? వెంటనే కనిపిస్తుంది.

మీలో కెర్న్ టైప్ ముందే ఆడినవాళ్లు చేతులెత్తండి. బానే ఉన్నారు. ఇప్పుడు, తెలుగులో య వత్తు పక్క అక్షరం కిందకి ఎంతవరకు వెళ్లొచ్చో ఎప్పుడైనా గమనించినవాళ్లు ఎత్తండి. చూశారా. మిమ్మల్ని తప్పుపట్టడం లేదమ్మా. ఆ కన్ను ఇచ్చే ఆట మీకు ఎవరూ చేసి పెట్టలేదు. నేను చెప్పిన కెర్న్ టైప్, షేప్ టైప్ రెండూ ఇంగ్లీషు అక్షరాలతోనే. వాళ్లు వాళ్ల అక్షరాలతో చేసుకున్నారు, అందులో తప్పేముంది? మనవి మనం చేసుకోవాలి.

ఎలాంటి ఆటలో నేను చెప్తాను. ఒకటి, అక్షరం ఇచ్చి వత్తు విడిగా ఇవ్వాలి. అది కింద ఎక్కడ కూర్చోవాలో, ఎంత సైజులో ఉండాలో ఆడేవాళ్లు కుదర్చాలి. క్రావడి ఎడమనుంచి చుట్టుకుంటుంది, య వత్తు కుడివైపు సాగుతుంది, రెండింటికీ ఒకే చోటు పనికిరాదు. ఇంకోటి, లైన్ల మధ్య ఎడం. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం తెలుగుకి పెడితే పై లైను వత్తు వచ్చి కింది లైను గుడికి తగులుతుంది. పెళ్లి కార్డుల్లో వధూవరుల పేర్ల దగ్గర రోజూ జరిగే ప్రమాదం ఇదే. ఎక్కడ తగులుతోందో పట్టుకోవడమే ఆట. పెన్ టూల్‌కైతే మన అక్షరాలని మించింది లేదు. ఖ గీయండి, ఋ గీయండి, తక్కువ పాయింట్లతో. అది వచ్చినవాడికి ఏ చెవైనా నునుపుగానే వస్తుంది.

ఫాంట్ల కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి ఉన్నాయి. ఇవాళ ఎవరి పుట్టినరోజు చేసుకుంటున్నామో ఆ గిడుగు పేరు మీద కూడా ఒకటుంది. అన్నీ ఓపెన్ లైసెన్స్, గేములో వాడుకోవచ్చు.

కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఈ హాల్లో ఉన్నారని సార్ చెప్పారు. మీకు కోడ్ వచ్చు, నాకు రాదు. నాకు వత్తులు తెలుసు. సరైన జవాబులు నేను కూర్చుని కుదిర్చిస్తాను, కష్టమైన పదాల పట్టీ బ్యాగులో తెచ్చాను. ఆదివారాలు మా సెంటర్ ఖాళీ, రెండు సిస్టమ్స్ ఉన్నాయి, టీ నాది. తెలుగు శాఖ మేడమ్ గారూ, మీ పిల్లల్ని కూడా పంపండి, తప్పు పట్టేవాళ్లు లేకపోతే ఈ పని సాగదు.

ప్రొజెక్టర్ రెడీ అంటున్నారు. సరే, ముందు కెర్న్ టైప్ తెరుస్తాను. పచ్చ చున్నీ అమ్మాయ్, అవును నువ్వే, రా తల్లీ, మౌస్ తీసుకో. ఎంత మార్కు వచ్చినా పర్లేదు. తర్వాత అదే పద్ధతిలో బోర్డు మీద ‘శ్రద్ధాంజలి’ రాద్దాం, అందరూ పెన్నులు తియ్యండి.