నీలం గేటు వాళ్ళ పద్దు

అందరికీ నమస్కారం.

సభ పెట్టినవాళ్ళు నన్ను పిలుస్తూ "పాత వీధులు, కొట్లు, మీ చిన్నప్పటి సంగతులు, ఏదో ఒకటి మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. తీరా రాసుకుందామని కూర్చుంటే ఇబ్బంది తెలిసొచ్చింది. ఎవరి చిన్నతనం వాళ్ళకి ముద్దు. మా వీధి చివర కొట్టాయన ఎలా తుమ్మేవాడో చెప్పి నేను నవ్వుకుంటాను, మీరు గోడ మీద గడియారం చూసుకుంటారు. అందుకని ఇవాళ నా వీధి పేరు ఎత్తను. ఊరి నడిబొడ్డున, ఇరుకు సందుల్లో, కింద కొట్టూ పైన కాపురమూ ఉండే పేటలు లోకంలో చాలా చోట్ల ఉన్నాయి. అక్కడ పెరిగినవాళ్ళకి ఏం గుర్తుంటుంది, మిగతాదంతా పోయి అదే ఎందుకు మిగులుతుంది, ఇదీ నా గొడవ.

కొన్నేళ్ళుగా నాకో అలవాటుంది. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, తెల్ల కాగితం ఒకటీ పెన్సిలు ఒకటీ చేతికిచ్చి, "మీరు పెరిగిన వీధి గీయండి" అంటాను. ప్రతివాళ్ళూ ముందు అనే మాట ఒకటే. "నాకు బొమ్మలు రావండీ." రానక్కర్లేదంటాను.

ఒకావిడ, డెబ్బై దాటిన మనిషి, చాలాసేపు కాగితం వంక అలా చూస్తూ కూర్చుంది. తర్వాత మూడు అడ్డగీతలు గీసింది. ఏంటమ్మా ఇవి అంటే, "మెట్లు" అంది. చెప్పులు బాగుచేసే కొట్టు మెట్లు. వాటి మీద ఒక పెద్ద పెట్టెలాంటిది గీసింది. అది బల్ల. బల్ల వెనక మనిషి లేడు. "ఆయనేడి?" అన్నాను. "నాకు కనపడేవాడు కాదు, చెయ్యి ఒక్కటే కనపడేది" అంది. అని, బల్ల అంచు మీంచి కిందికి వంగిన చెయ్యి ఒకటి గీసి, అరచేతిలో మూడు చుక్కలు పెట్టింది. తిరిగిచ్చే చిల్లర. కాగితంలో సగం ఆ కొట్టే. బడి అగ్గిపెట్టంత. వాళ్ళ సొంత ఇల్లు అసలు లేదు. "మీ ఇల్లేదమ్మా?" అంటే, నా వంక జాలిగా చూసి, "అక్కణ్ణుంచేగా బయల్దేరింది" అంది.

డెబ్బై దాటిన మనిషి గీసిన పటం అది. ఎత్తు మాత్రం ఏడేళ్ళ పిల్లది. నేను చూసిన చాలా పటాలు ఇంతే. గీసినవాళ్ళు ఇప్పుడు ఆరడుగులు ఉండొచ్చు గానీ, వీధి మాత్రం బల్ల అంచు కింద నుంచే కనపడుతుంది.

దీనికి చదువుకున్నవాళ్ళు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. నడివయసు దాటినవాళ్ళని జ్ఞాపకాలు చెప్పమంటే, వాళ్ళకి 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవే ఎక్కువగా పైకి వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎన్నోసార్లు చూశారు. కాబట్టి "అప్పట్లో వీధి ఎంత బాగుండేదో" అని ఎవరైనా అంటే, నేను పైకి తలూపుతాను, లోపల మాత్రం వాళ్ళ వయసు లెక్కేస్తాను. నేను అన్నప్పుడు కూడా అదే లెక్క. ఇంకొకటి, మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం. 1971లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త, ఎలుక ఫలానా చోట ఉన్నప్పుడే చురుకయ్యే కణాలు అక్కడ ఉన్నాయని చూపించారు. ఆ దారిలో ఇంకా ముందుకెళ్ళిన మోసర్ దంపతులతో కలిపి ఆయనకి 2014లో నోబెల్ ఇచ్చారు. చోటు తెలిపే ఆ భాగమే, జరిగిన సంగతులు నిలవడానికీ కావాలి. నా అనుభవంలో దీని అర్థం చాలా సాదాది. "అప్పుడు ఏం జరిగింది?" అని అడిగితే పెద్దవాళ్ళు "ఏముందీ, మామూలే" అంటారు. "ఆ కొట్టుకి ఎడమపక్కన ఏముండేది?" అని అడిగితే ఇక ఆగరు.

పటాలు గీయించే పని నా సొంత తెలివేం కాదు. 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ మూడు వీధులు ఎంచుకున్నారు. ఒకదాంట్లో రోజుకి సుమారు 2,000 బళ్ళు, రెండోదాంట్లో 8,000, మూడోదాంట్లో 16,000. మిగతా విషయాల్లో దాదాపు ఒకేలాంటి వీధులు. బళ్ళు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు అదే వీధిలో ఉన్నారు. బళ్ళు ఎక్కువున్న వీధిలో ఒకరు కూడా పూర్తిగా లేరు, 0.9. నన్ను దీనికన్నా బాగా పట్టుకున్నది ఇంకొకటి. "మీది అనిపించే చోటు ఎంతవరకో పటం మీద గీయండి" అని అడిగారట. మొదటి వీధివాళ్ళు వీధి మొత్తం చుట్టేశారు. మూడో వీధివాళ్ళు తమ ఇంటి గోడల దగ్గరే పెన్సిలు ఆపేశారు. గుమ్మం దాటితే తమది కాదు.

మరి గుమ్మం బయట ఉన్నది "మనది" ఎలా అవుతుంది? ఇక్కడే కొట్లు వస్తాయి.

న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పాత పేటలో, హడ్సన్ వీధిలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ ఉండేది. నగరాలు కట్టే చదువు చదవలేదు, పత్రికలో పనిచేసేది, కిటికీలోంచి వీధిని చూసేది. 1961లో ఆవిడ రాసిన పుస్తకంలో, ఆ పేటలో చిన్న కొట్టు నడిపే ఒకాయనా ఆయన భార్యా ఒక పొద్దుట ఏమేం చేశారో చెబుతుంది. బడికెళ్ళే పిల్లల్ని మూల దగ్గర రోడ్డు దాటించారు. ఒకరికి గొడుగు, ఇంకొకరికి ఒక డాలరు అప్పిచ్చారు. ఇంట్లో లేనివాళ్ళకి వచ్చిన పార్సిళ్ళు పుచ్చుకున్నారు. సిగరెట్లు అడిగిన కుర్రాళ్ళకి చీవాట్లు పెట్టారు. ఎదుటి రిపేరు కొట్టు ఇంకా తెరవలేదని, ఎవరిదో గడియారం తీసి దాచారు. ఇంటి గొడవలు చెప్పుకున్నవాళ్ళ మాట విన్నారు. పుట్టినరోజు బహుమతి కొనడానికి వచ్చిన తల్లితో, "ఆ ఓడ బొమ్మ వద్దు, ఇంకో పిల్లాడు అదే ఇస్తున్నాడు" అని చెప్పారు. వీటిలో ఒక్కదానికీ రసీదు లేదు. మధ్యమధ్యలో సరుకు కూడా అమ్మారనుకోండి.

ఇంకో కొట్టాయన సంగతీ రాసింది. ఆయన దగ్గర తాళంచెవుల కోసమే ఒక సొరుగుండేది. ఊరెళ్ళినవాళ్ళు చుట్టాలొస్తే ఇవ్వమని తాళంచెవి ఆయన దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. స్నేహితుల దగ్గర పెట్టొచ్చుగా? పెట్టరు. స్నేహితులైతే ఎవరొస్తున్నారు, ఎన్నాళ్ళుంటారు అని అడుగుతారు. కొట్టాయన అడగడు. తాళం జాగ్రత్తగా ఉంచుతాడు, సంగతి మాత్రం తన పని కాదనుకుంటాడు. మన భాషలో దీనికి చక్కని మాటుంది, ముఖపరిచయం. మనం దాన్ని తక్కువ చేసి వాడతాం, "ఏదో ముఖపరిచయం అంతే" అని. ఆ "అంతే"లో ఎంత ఉందో షికాగోలో తేలింది.

1995 జూలైలో షికాగోలో వడగాలులకి మామూలుగా పోయేవాళ్ళకన్నా 739 మంది ఎక్కువ పోయారు. చాలామంది ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు. ఎరిక్ క్లీనెన్‌బర్గ్ అనే సమాజ శాస్త్రవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశాడు. రెండూ బీదవే, రెండింట్లోనూ ఒంటరి ముసలివాళ్ళు ఎక్కువే. నార్త్ లాన్‌డేల్‌లో లక్షకి 40 మంది పోయారు. పక్కనున్న సౌత్ లాన్‌డేల్‌లో, అక్కడివాళ్ళు లిటిల్ విలేజ్ అంటారు, లక్షకి నలుగురే. మొదటి పేటలో ఫ్యాక్టరీలు మూతబడి, జనం వెళ్ళిపోయి, కొట్లు పోయి, ఖాళీ స్థలాలు మిగిలాయి. బయటికి రావడానికి ముసలివాళ్ళకి భయం, వచ్చినా వెళ్ళడానికి చోటు లేదు. రెండోదాంట్లో కొట్లవీధి కళకళలాడుతోంది. ఎండ ముదిరితే ఏదో వంకన ఒక కొట్లోకి వెళ్ళి చల్లగా నిలబడొచ్చు. కొట్లు ఒక్కటే కారణం అంటే అబద్ధమవుతుంది, ఆ రెండు పేటల చరిత్రలు వేరు, మనుషులూ వేరు. కానీ "ఆయన రెండ్రోజులుగా రాలేదే" అనుకునే మనిషి ఒకరు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో ఆ లెక్కలు చూస్తే కొంత తెలుస్తుంది.

ఇంతవరకూ విని మీకు కొట్టువాళ్ళంతా దేవుళ్ళనిపిస్తే, తప్పు నాది.

నాకు పటం గీసిచ్చిన ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. ఆయన వీధి నిట్టనిలువుగా, స్కేలు పెట్టినట్టు గీశాడు. కొట్లన్నీ వరసగా, పేర్లతో సహా. బడికి వెళ్ళే దారి చుక్కలతో గీయమంటే, ఆ చుక్కలు వీధిలోంచి పోకుండా వెనక సందులోకి మళ్ళి, చుట్టు తిరిగి, బడి దగ్గర మళ్ళీ వీధిలో కలిశాయి. దగ్గరదారి ఉండగా ఇదేంటండీ అన్నాను. పెన్సిలు కింద పెట్టేశాడు. ఇంట్లో బాకీ ఉందట. పిల్లాడు కనపడితే కొట్టాయన గల్లాపెట్టె మూస్తూ, అందరి ముందూ, "మీ నాన్నని ఒకసారి రమ్మను" అనేవాడట. తిట్టేవాడు కాదు, ఆ ఒక్క మాటే. "నిన్నూ నీ ఇంటినీ ఎరిగినవాడు ఉండటం మంచిదేనండీ, నీ దగ్గర డబ్బున్నన్నాళ్ళు" అన్నాడు.

ముఖపరిచయానికి ఇది రెండో ముఖం. కొట్టాయనకి మీ అవసరం తెలుసు, కాబట్టి మీ లోకువా తెలుసు. డేవిడ్ కాప్లోవిట్జ్ అనే ఆయన న్యూయార్క్‌లో బీదల కొనుగోళ్ళ గురించి అడిగి తెలుసుకుని 1963లో పుస్తకం వేశాడు. వేరే చోట అప్పు పుట్టనివాళ్ళు, పేటలో అరువిచ్చే కొట్లలోనే, నాసిరకం సరుకుని ఎక్కువ ధరకి కొంటున్నారని అందులో తేలింది. ఇక ఆడపిల్లల్ని అడిగితే ఇంకో పటం గీస్తారు. పిల్లల్ని రోడ్డు దాటించే కళ్ళే, ఎవరితో మాట్లాడుతోంది, ఎన్నింటికి ఇంటికొచ్చింది అని లెక్క కూడా కట్టేవి. వీధి జ్ఞాపకాలు రాసేవాళ్ళు ఈ భాగం వదిలేస్తుంటారు. చదవడానికి బాగుండదని కాబోలు.

అందుకే కొట్లో బల్ల తీసేసినప్పుడు అందరూ ఏడవలేదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి, సరుకుని కొన్నవాళ్ళే అలమారల్లోంచి తీసుకునే కొట్టు తెరిచాడు. అంతకుముందు మామూలు పద్ధతి ఏంటంటే, మీరు చీటీ ఇస్తారు, బల్ల వెనక మనిషి తెచ్చి ఇస్తాడు. కొత్త పద్ధతిలో ఖర్చు తగ్గింది. దాంతో పాటు అడగాల్సిన పనీ పోయింది. అడగడానికి సిగ్గుపడేవాళ్ళకి, ఎప్పుడూ చివర్లో పిలిపించుకునేవాళ్ళకి అది చిన్న విడుదల కాదు. వెనక సందులోంచి బడికెళ్ళిన ఆ పిల్లాడు అలాంటి కొట్లోకి తలెత్తుకుని వెళ్ళేవాడు. మెట్ల మీద నిలబడి చిల్లర కోసం చెయ్యి చాచిన పిల్లకి మాత్రం గీయడానికి కొట్టాయన చెయ్యి ఉండేది కాదు. ఈ రెండింట్లో ఏది మేలని నన్నడిగితే, ఒక్కోరోజు ఒక్కో మాట చెబుతాను.

చివరిగా ఒక పుస్తకం గురించి. మూసేస్తున్న ఒక కొట్లో పాత పద్దుపుస్తకం ఒకటి చూడనిచ్చారు. అట్ట ఊడిపోయి, పురికొస కట్టి ఉంది. అందులో మనుషుల పేర్లు దాదాపు లేవు. "నీలం గేటు" అని ఒక పేజీ. "మేడ మీది టీచరు" అని ఒకటి. "కుక్కాయన". "రెండో వాటా కొత్తవాళ్ళు" అని ఇంకొకటి. ఆ పేజీలు తిప్పుకుంటూ పోతే కొత్తవాళ్ళ పద్దు 11 ఏళ్ళ పాటు నడిచింది. పదకొండేళ్ళూ వాళ్ళు కొత్తవాళ్ళే! నీలం గేటు వాళ్ళు ఎవరండీ అని కొట్టాయన కొడుకుని అడిగాను. "గేటుకి ఎప్పుడో ఆకుపచ్చ రంగేశారు, మా నాన్న పుస్తకంలో మార్చలేదు" అన్నాడు. ఆ పేజీలో ఆఖరి వరస కొట్టేసి లేదు. బాకీ ఉండిపోయిందా, తీర్చాక ఆయన గీత గీయడం మర్చిపోయాడా, కొడుక్కీ తెలియదు. అడుగుదామంటే వాళ్ళు ఇల్లు మారిపోయారు.

సరే, నా మాటలు అయ్యాయి, ఇప్పుడు మీ పని. మీ కుర్చీల కింద కాగితం, పెన్సిలు పెట్టించాం. తీయండి. మొదటిసారి మిమ్మల్ని ఒంటరిగా, చేతిలో డబ్బులు పెట్టి పంపిన కొట్టు ఏదో అది ముందు గీయండి. దాని ఎడమపక్క ఏముందో తర్వాత. మీరు నడిచిన దారి చుక్కలతో పెట్టండి, చుట్టు తిరిగి వెళ్ళి ఉంటే అలాగే పెట్టండి, ఎందుకని ఎవరూ అడగరు. బొమ్మలు రావని మాత్రం అనకండి, ఆ మాట విని విని ఉన్నాను. ఇరవై నిమిషాలు. వెళ్ళేటప్పుడు పెన్సిళ్ళు తలుపు దగ్గర ఇచ్చేసి వెళ్ళండి, అవి అరువు తెచ్చినవి.