రిజిస్టరులో పేరు కొట్టెయ్యను

వేదిక మీదున్న పెద్దలకు, పొద్దున ఐదున్నరకే పిల్లల్ని బళ్ళ మీద తెచ్చి దింపుతున్న అమ్మానాన్నలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి కానీ పిల్లలు ఎండలో కూర్చున్నారు, మన్నించండి.

ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ తర్వాత పెంకులు పగలగొట్టే కార్యక్రమం ఉందట. ఎప్పుడు కరాటే బెల్టులిచ్చినా ఇదే వరస. కటా అంటే ఎదుట ఎవరూ లేకుండా ఒక్కరే ఒక క్రమంలో చేసి చూపించే దెబ్బలు, అడ్డులు. పిల్ల ప్రాణం పెట్టి ఆ కటా చేస్తుంటే అతిథులు ఫోన్లు చూసుకుంటారు. అదే పిల్ల బెంగుళూరు పెంకు పగలగొడితే చప్పట్లే చప్పట్లు! పోయినసారి ఒక పెద్దాయన, "ఎదురుగా మనిషే లేడు కదమ్మా, ఇందులో ఎవరు గెలిచినట్టు?" అని అడిగారు. ఆరోజు నోట మాట రాలేదు. ఇప్పుడు చెబుతాను. సాండ్రా సాంచెజ్ గెలిచినట్టు.

ఆవిడది స్పెయిన్‌లో తలవేరా అనే ఊరు. పుట్టింది 1981లో. అన్న కరాటేకి వెళ్తుంటే నేనూ వెళ్తానని నాలుగేళ్ళకే పేచీ పెట్టింది. ఇంట్లోవాళ్ళకేమో డాన్సు నేర్పించాలని. ఈ కథ మన వీధిలోదే అనిపించడం లేదూ? బాగానే ఎదిగింది. పెద్ద స్థాయి శిక్షణకు మాడ్రిడ్ వెళ్ళాల్సిన వయసులో అమ్మకు క్యాన్సర్ వచ్చింది. అమ్మ దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత జాతీయ జట్టు తలుపు చాలా ఏళ్ళు తెరుచుకోలేదు. చదువు పూర్తి చేసుకుంది, కొన్నాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళింది. తిరిగొచ్చాక హెసూస్ దెల్ మొరాల్ అనే కోచ్ దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత ఆయన్నే పెళ్ళి చేసుకుంది, అది వేరే సంగతి. 2015లో మొదటిసారి యూరప్ చాంపియన్ అయింది. అప్పటికి ఆవిడకి ఎన్నేళ్ళో లెక్కేయండి. 33!

ఇక్కడ కొంచెం నా గోడు కూడా వినాలి. మా క్లాసులో ఆరో తరగతి ఆడపిల్లలు రెండు వరసలు నిండుగా ఉంటారు. పదో తరగతికొచ్చేసరికి ముగ్గురు మిగులుతారు. "ట్యూషన్ ఉంది మేడం", "పెద్దదైంది కదా మేడం", "పరీక్షల టెన్షన్ మేడం". నేను కాదనను. పరీక్షలు రాయాల్సిందే. కానీ ఇంటర్ అయ్యాక ఒక్కరైనా ఎందుకు తిరిగి రారు? నాకూ అదే జరిగింది. పెళ్ళయ్యాక సెలెక్షన్లకు వెళ్తే అక్కడ కూర్చున్న ఒకాయన నన్ను కాదు, నా మెడలో పుస్తెలతాడును చూసి, "ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా" అన్నారు. నేను మాట్లాడకుండా తిరిగొచ్చేశాను. అప్పటికి నాకు ఇరవై నాలుగు. ఇరవై నాలుగండీ!

సరే, టోక్యోకి వద్దాం. కరోనా వల్ల ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. 2021 ఆగస్టు 5, బుదోకాన్ హాలు. కరాటే ఒలింపిక్స్‌లోకి రావడం అదే మొదలు. సాండ్రాకు 39 ఏళ్ళు. కటా ఫైనల్లో పోటీ జపాన్ అమ్మాయి కియో షిమిజుతో. ఆ అమ్మాయి రెండుసార్లు ప్రపంచ చాంపియన్, పైగా సొంత గడ్డ. సాండ్రా ఎంచుకున్న కటా పేరు చతన్ యారా కుషాంకు. మన పిల్లలు చేసే కాంకు దాయ్ అనే కటాకి చుట్టమే అది. కాంకు దాయ్ మొదట్లో రెండు చేతులూ కలిపి మెల్లగా నుదుటి పైకి లేపి, వేళ్ళ మధ్య సందులోంచి ఆకాశం చూస్తారు కదా, ఎప్పుడైనా గమనించారా? ఆ సమయంలో మీరు ఫోన్లో ఉంటారు.

ఆరోజు హాల్లో జనం లేరు. కరోనా కదా, ఎవర్నీ రానివ్వలేదు. చప్పట్లు లేవు, ఈలలు లేవు. గుద్దు ఆగినచోట డ్రెస్సు చేతులు ఫట్‌మని కొట్టుకునే చప్పుడు, ఆవిడ అరుపు, అంతే. ఏడుగురు జడ్జీలు. పై రెండు మార్కులూ కింది రెండు మార్కులూ తీసేసి లెక్క కట్టారు. సాండ్రాకు 28.06, షిమిజుకు 27.88. తేడా 0.18. కాలి మడమ కాస్త లేచినా, చూపు ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగినా పోయే మార్కులవి. పెద్దాయనా, ఎవరు గెలిచారన్నారు కదా, ఇలా గెలుస్తారు.

2018లో మాడ్రిడ్‌లో ప్రపంచ టైటిల్, టోక్యో అయ్యాక అదే ఏడాది దుబాయ్‌లో ఇంకొకటి. 2022లో ఆట చాలించింది. పారిస్ ఒలింపిక్స్‌లో కరాటే తీసేశారు, ఆ కోపం నాకింకా చల్లారలేదు. దాని గురించి మొదలుపెడితే సాయంత్రమవుతుంది.

తల్లులూ, మీకు ఒక్క మాట. పదో తరగతిలో పిల్లను మాన్పిస్తే మాన్పించండి. నేను రిజిస్టరులో పేరు కొట్టెయ్యను. పక్కన చుక్క పెట్టి ఉంచుతాను. ఎన్నేళ్ళకొచ్చినా అదే పేరు పిలుస్తాను, ఫీజు మాత్రం కొత్తది. అదిగో, చివర్న చున్నీ భుజానికి వేసుకుని నిలబడింది చూడండి, ఆ అమ్మాయి పేరు పక్కన ఆరేళ్ళు చుక్క ఉంది. పోయిన నెల వచ్చింది.

పెంకులు కాసేపు ఆగుతాయి, ఎక్కడికీ పోవు. ముందు ఆ అమ్మాయి కాంకు దాయ్ చేస్తుంది. రామ్మా, చెప్పులు అక్కడే విడిచెయ్. ముఖ్య అతిథి గారూ, ఫోన్ జేబులో పెట్టుకోండి.